కుచ్చుకోడి ఐదు గుడ్లు

బెంగుళూరు చలి సంగతి మా ఒంగోలు వైపు వాళ్ళ ముందు ఎత్తకూడదు. ఎత్తితే ఇక వదలరు. మా అమ్మ దృష్టిలో బెంగుళూరు హిమాలయాల పక్కనే ఎక్కడో ఉంది. నవంబరు రాగానే పొద్దున్నే ఫోను చేసి, "స్వెట్టరేసుకున్నావా? చెవుల్లో దూది పెట్టుకున్నావా? తలంటు పోసుకోమాకే, జలుబు చేస్తది" అంటుంది. నవ్వుతాను గానీ నేనూ ఆ తాను ముక్కనే. రోళ్ళు పగిలే ఎండల్లో పెరిగిన ఒళ్ళు నాది. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో నర్సుగా చేస్తున్నా, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంట్లో ఉన్నంతసేపూ నా నెత్తిన మంకీ క్యాప్ ఉండాల్సిందే. ఇది ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే పోయిన చలికాలం మా పెరట్లో నేను చేసిన ఘనకార్యానికి మూలం ఆ మంకీ క్యాపే.

మేముండేది మహదేవపురలో, టెక్ పార్కు వెనక లేఅవుట్‌లో, ఒక ఇంటి కింది భాగంలో. చుట్టూ ఐదంతస్తుల పీజీ హాస్టళ్ళు లేచిపోయినా మా ఇంటివాళ్ళు మాత్రం వెనక పెరడు అలాగే ఉంచారు. ఇంటివాళ్ళంటే ఒక్క మనిషే, పైన ఉండే అవ్వ. డెబ్బై దాటింది. పుట్టింది మదనపల్లి దగ్గర, కాపురం చేసింది కాటన్‌పేటలో. నలభై ఏళ్ళు అక్కడ దారం, తాళ్ళు అమ్మిన కుటుంబం. అద్దెకు దిగిన కొత్తలో నేను "ఆంటీ" అని పిలిస్తే, "ఆంటీ ఎవరే ఈడ? అవ్వా అని నోరారా పిలువు" అని కసిరింది. ఆవిడ కసురు నాకు వెంటనే నచ్చేసింది. నా నోరూ తక్కువది కాదు కదా.

పెరట్లో కోళ్ళు రెండు జట్లు. నావి రెండు నాటుపెట్టలు, ఒకటి ఎర్రది, ఒకటి చుక్కలది. ఆవిడవి ఒక నల్లపుంజు, ఒక పెట్ట. ఆ పెట్ట మామూలుది కాదు. నెత్తిన గుప్పెడంత ఈకల కుచ్చు, కొప్పు ముడిచి పూలు పెట్టుకున్నట్టు. అడుగు తీసి అడుగు వేస్తే ఆ కుచ్చు ఊగేది. ఎంత టెక్కో! నా పెట్టలు దాని ముందు పనిమనుషుల్లా ఉండేవి.

"దీని అవ్వకు అవ్వకు అవ్వ ఉండాదే, అది నా పెండ్లప్పుడు బుట్టలో కూచోని నాతో పాటు కాటన్‌పేటకు వచ్చింది" అని అవ్వ చెప్పేది. "మా అమ్మ ఇచ్చింది. మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఈ జాతిని అమ్మేది లేదు, కోసేది లేదు. కూతురికి ఇచ్చేదే. నాకు చూస్తే ఇద్దరూ మగపిల్లోళ్ళైపోయిరి. కోడండ్లకు కోళ్ళ వాసన పడదంట." ఇద్దరు కొడుకులూ ఊళ్ళోనే ఉన్నారు, ఆదివారాలు వస్తారు, పెరట్లోకి మాత్రం రారు. ఒకప్పుడు ఆ కుచ్చుకోళ్ళు ఏడెనిమిది ఉండేవట. అంతకుముందు ఏడాది వానల్లో కొక్కెర తెగులు వచ్చి అన్నీ పోయి, ఇదొక్కటే మిగిలింది.

నవంబరులో పొద్దు తగ్గేసరికి కోళ్ళు ఈకలు రాల్చి గుడ్లు మానేస్తాయి. నా చుక్కలది దీపావళి నాటికే మానేసి, తోక ఊడిన వేషంతో తిరుగుతోంది. కుచ్చుకోడి మాత్రం రోజు మార్చి రోజు పెడుతూనే ఉంది. అవ్వకు ఒకటే గర్వం. "చూడు, పుట్టింటి పరువు నిలబెడతా ఉండాది" అనేది. అలా ఐదు గుడ్లు కుండలో చేరాక ఒక మధ్యాహ్నం, పక్క ఖాళీ సైటులోని ముళ్ళపొదల్లోంచి ముంగిస వచ్చింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెరటినిండా ఈకలు. గోడ దగ్గర కుచ్చు ఒక్కటీ విడిగా పడి ఉంది. అవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆవిడ నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"అయిపాయ" అంది అవ్వ చివరికి. "మా అమ్మ దగ్గరినుంచి వచ్చింది నా చేతిలో అయిపాయ."

సరిగ్గా అప్పుడు గూట్లోంచి "కుర్ర్" మంది నా ఎర్రది. అది నాలుగు రోజులుగా పొదుగుకొచ్చి కూర్చుంది. కింద ఒక్క గుడ్డు లేదు, ఒంటిని బుట్టంత చేసుకుని, దగ్గరికెళితే చేయి పొడిచేస్తోంది. చలికాలంలో పొదుగేమిటే నీ మొహం అని తిట్టి, మర్నాడు చన్నీళ్ళలో ముంచి ఆ పిచ్చి దించుదామనుకున్నాను. ఆ "కుర్ర్" వినగానే నా బుర్ర వెలిగింది.

"అవ్వా! కుండలో గుడ్లున్నాయి కదా!"

అవ్వ తలెత్తింది. ఇద్దరం ఒకేసారి కదిలాం. డెబ్బై ఏళ్ళ మనిషి మెట్లు అంత వేగంగా ఎక్కడం నేను మళ్ళీ చూడలేదు.

గుడ్లు పొదగేయడం అంటే మాటలా! అవ్వ వెదురుగంప దించింది. పక్కవీధిలో అపార్ట్‌మెంట్లకు అల్మారాలు చేసే వడ్రంగి దగ్గర మా ఆయన రంపపు పొట్టు రెండు సంచులు తెచ్చాడు. గంపలో పొట్టు పరిచి, మధ్యలో గుంట చేసి, ఐదు గుడ్లు పేర్చాం. ఐదు బేసి సంఖ్య కాబట్టి సరిపోయిందని అవ్వ తృప్తి పడింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఒక ఇనపమేకు, ఒక ఎండు మిరపకాయ పెట్టాలని మా అమ్మ ఫోనులో చెప్పింది. అవ్వా అదే చెప్పింది. ఒంగోలూ కాటన్‌పేటా ఒక్క మాట మీద నిలబడ్డాక నేనెవర్ని కాదనడానికి? మేకు పెట్టాను. పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాను. "మీ దేవునికి మా మేకుతో తకరారు లేదు కదా?" అంది అవ్వ. "ఏం లేదులే అవ్వా, ఆయనా పశువుల పాకలోనే పుట్టాడు" అన్నాను.

ఇక ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఇరవై ఒక్క రోజులు! క్యాలెండరులో గీతలు పెట్టాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, సాయంత్రం రాగులూ మొక్కజొన్న నూకా, రోజుకొకసారి ఎర్రది కాలు చాచుకోవడానికి దిగితే అది తిరిగి ఎక్కేదాకా గడియారం చూస్తూ నేను నిలబడటం. వార్డులో పసిపిల్లల జ్వరం రాసుకున్నట్టు దాని సంగతులు ఫోనులో రాసుకునేదాన్ని. మా ఆయన కంపెనీ పని ఇంట్లోంచే చేస్తాడు. మధ్యాహ్నాలు ఆయనకు నా దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "దిగిందా? ఎక్కిందా?"

ఏడో రోజు సాయంత్రం, గది చీకటి చేసి, ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూశాను. మొదటిది ఒట్టి పసుపు వెలుగు, అంతే, లోపల ఏమీ లేదు. రెండోది పెట్టాను. అమ్మ బాబోయ్! ఎర్రటి నరాలు! చుట్టూ సాలెగూడు పరుచుకున్నట్టు సన్నటి నరాలు, మధ్యలో ఆవగింజంత చుక్క, అది టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. రోజూ గుండెచప్పుళ్ళు వినే ఉద్యోగం నాది. అయినా కుర్చీలోంచి లేచి గెంతాను. మూడు, నాలుగు, ఐదు, అన్నిట్లోనూ నరాలే. అవ్వను పిలిచి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, గుడ్డు దగ్గరికి ముక్కు ఆనించి, "ఇన్నేండ్లు పొదగేసినాను, లోపల ఎట్లుంటాదో ఎప్పుడూ చూళ్ళేదే" అంది. ఒట్టిది తీసేశాం. నాలుగు మిగిలాయి. నాలుగు చాలు, నాలుగుంటే మళ్ళీ మందే అవుతుందని ఆ రాత్రి ఇద్దరం సంబరపడ్డాం.

పన్నెండో రోజున తుఫాను ముసురు మొదలైంది. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పడితే బెంగుళూరులో రెండు రోజులు సన్నటి జల్లు, ఎముకలు కొరికే గాలి. మా ఆయన రెండు రగ్గులు కప్పుకుని మీటింగుల్లో కూర్చున్నాడు. మా అమ్మ ఫోను. "ఏమే, కోడి సంగతేంటి? అంత చలిలో నోరులేని జీవాన్ని బయట ఉంచుతారా? గుడ్లు గడ్డకట్టి పోవూ?" నాకూ అదే భయం. నెలలు నిండని పిల్లల గదిలో పనిచేసేదాన్ని. ఒళ్ళు చల్లబడితే పిల్ల దక్కదని రోజూ తల్లులకు చెప్పేదాన్ని. ఇక ఊరుకుంటానా!

అవ్వ ఆ రెండు రోజులూ కాటన్‌పేటలో పెద్దకొడుకు ఇంట్లో ఉంది, వాళ్ళింట్లో ఏదో శుభకార్యం. అడిగే పెద్ద దిక్కు లేదు. ఉన్నా అడిగేదాన్ని కాదేమో, నర్సునన్న పొగరు కదా. అటక మీద పోయిన ఏడాది క్రిస్మసు కూడికకు వేయించిన పెద్ద ఫ్లెక్సీ ఉంది. అది దించి గూటికి నాలుగు వైపులా చుట్టేశాను, పైన కూడా. పాస్టరుగారి ఫొటో కోళ్ళకు కనబడేలా లోపలివైపుకి వచ్చింది. సందుల్లో గోనెసంచులు కుక్కాను. గాలి దూరితే ఒట్టు! అది చాలదన్నట్టు, రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి గంప పక్కన పెట్టాను. పూటకోసారి నీళ్ళు మార్చడం, మిగతా సమయమంతా బిగించి మూసెయ్యడం. మా అమ్మకు ఫొటో పంపితే, "నా బంగారు తల్లి" అని మెచ్చుకుంది.

మూడోనాటి పొద్దున వాన వెలిసింది. వేడినీళ్ళు మారుద్దామని ఫ్లెక్సీ ఎత్తాను. లోపల్నుంచి ఘాటు గుప్పున కొట్టి కళ్ళు మండిపోయాయి. కోళ్ళ రెట్ట, ఉక్క, తడి. ఫ్లెక్సీ లోపలి వైపు ఆవిరి నీళ్ళై, పాస్టరుగారి గడ్డం మీదుగా బొట్లు బొట్లుగా గంపలోకి కారుతోంది. పొట్టు చేతికి ముద్దగా తగిలింది. ఎర్రది గంపలో లేదు. మూలకు పోయి, నోరు తెరుచుకుని, మెడ చాచి రొప్పుతోంది. ముక్కుల్లో నురగ. గుడ్లు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"ఏవండీ!" అని ఒక్క అరుపు అరిచాను. అదే సమయానికి గేటు దగ్గర ఆటో ఆగింది. అవ్వ దిగింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే పెరట్లోకి వచ్చి, ఫ్లెక్సీ చూసి, గూడు చూసి, నా నెత్తి మీద మంకీ క్యాప్ చూసింది.

"ఏం చేసినావే ఇది?"

"చలి అవ్వా… చలిగా ఉందని…"

"చలి నీకు! కోడికి ఒళ్ళంతా ఈకలుండాయి కదే, నీకు లేవని దానికీ లేవనుకుంటివా?" రెండు చేతులతో పట్టుకుని ఆ ఫ్లెక్సీని సర్రున చించేసింది. "చలికి కోడి చావదే, చెమ్మకు చస్తాది. గాలి తగలకుండా మూడు పక్కల అడ్డం పెట్టల్ల, పైన జానెడు సందు వదలల్ల. దాని ఊపిరి ఆవిరి యాడికి పోవల్ల చెప్పు? సుమ్నే, ఊరికే మూట కట్టి పెడతారా ఎవరైనా, చిక్కపేట బట్టల మూట కట్టినట్ల!"

అతి సర్వత్ర వర్జయేత్ అని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు బెత్తంతో చెప్పించారు. అప్పుడు ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. తిట్లకు నాకు బాధ లేదు. ఆవిడ తిడుతూనే ఆ నాలుగు గుడ్ల వైపు చూసిన చూపు ఒకటుంది, అదే నన్ను నిలువునా కోసేసింది.

ఏడుస్తూ కూర్చుంటే గుడ్లు వేడెక్కవు. ఎర్రది మళ్ళీ కూర్చునే స్థితిలో లేదు, దానికి ముందు ఊపిరి ఆడాలి. అంతవరకూ? మా వార్డులో బరువు తక్కువ పిల్లల్ని తల్లి గుండెకు ఆనించి గుడ్డతో కట్టేస్తాం. కంగారూ కేర్ అంటాం. ఏ ఇంక్యుబేటరు పెట్టె కన్నా ఆ తల్లి ఒళ్ళే మేలు. అంతే, గుడ్లు నాలుగూ తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, స్వెట్టరు లోపల గుండెకు ఆనించుకున్నాను. నైటీ మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువా, నెత్తిన మంకీ క్యాప్. ఎండ పడే మెట్టు మీద కదలకుండా కూర్చున్నాను. డ్యూటీకి ఫోను చేసి సెలవు పెట్టాను, ఒంట్లో బాగాలేదని. అదేమీ అబద్ధం కాదు.

"నువ్వే పొదుగుతావా ఏమే?" అంది అవ్వ.

"పొదుగుతాను. నా వల్ల చల్లారినవి, నేనే కాస్తాను."

మా ఆయన చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని బయటికొచ్చాడు. "మ్యూట్‌లో ఉన్నాను, చెప్పు, అరిచావెందుకు? ఏం చేస్తున్నావక్కడ?"

"పొదుగుతున్నాను."

ఆయన నన్నూ అవ్వనూ మార్చి మార్చి చూసి, "సరే, కాఫీ తెస్తాను" అని లోపలికి పోయాడు. మంచి మనిషి. అడగాల్సినప్పుడు అడగడు, తేవాల్సినప్పుడు తెస్తాడు.

ఈలోగా అవ్వ గూడంతా ఊడ్చింది. తడి పొట్టు ఎత్తిపోసి, ఎండిన పొట్టు పరిచి, పొయ్యి బూడిద చల్లింది. ఎర్రదాన్ని ఎండలో కూర్చోబెట్టి, ముక్కు తుడిచి, పసుపూ వెల్లుల్లీ దంచి రాగిముద్దలో పెట్టి మింగించింది. గూటికి గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టి, పైన జానెడు ఖాళీ వదిలింది. గుడ్లు కదలకుండా నన్ను మెల్లగా రమ్మని, ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూడమంది. చల్లటి గాలి సన్నగా పోతోంది, లోపల మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది. పదకొండేళ్ళ నర్సు ఉద్యోగం ఒకవైపు, ఆ జానెడు సందు ఒకవైపు.

రెండు గంటలు కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది, ముక్కు గోక్కోవడానికి కూడా భయం. ఎర్రది లేచి నాలుగడుగులు వేసి, గింజలు ఏరి, గూడు ముందు నిలబడింది. "లోపలికి పోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను. అది గంప ఎక్కింది. ఒళ్ళు పెంచుకుని "కుర్ర్" మని కూర్చుంది. అవ్వ ఒక్కొక్క గుడ్డే నా స్వెట్టరులోంచి తీసి దాని కిందికి తోసింది. నాలుగూ పోయాక నా గుండె దగ్గర ఖాళీగా, వింతగా అనిపించింది.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో దేవుడికే తెలుసు. లోపల బతికున్నాయో లేదో తెలియదు. మళ్ళీ లైటు పెట్టి చూద్దామంటే అవ్వ చెయ్యి మీద కొట్టింది. "ఊరికే కెలికితే ఉండేదీ పోతాది. పద్దెనిమిదో నాడు నీళ్ళలో చూద్దాం." చర్చిలో క్రిస్మసు పాటల సాధనకు వెళ్ళినా నా చూపు ఫోను మీదే. ఇంటిముందు నక్షత్రం కట్టే పని మా ఆయనకే వదిలేశాను. అది వంకరగా కట్టాడు, ఏమీ అనలేదు.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఎండ బాగుంది. అవ్వ వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసింది. నేను మోచెయ్యి ముంచి వేడి చూశాను, పసిపిల్లలకు చూసినట్టే. బతికిన గుడ్డు నీళ్ళలో ఆడుతుంది, చచ్చింది ఊరికే తేలుతుంది, ఇదీ పరీక్ష. నీళ్ళు పూర్తిగా నిలిచాక అవ్వ మొదటిది వదిలింది. తేలింది. చూశాం. చూశాం. కదల్లేదు. రెండోది వదిలింది. ఒక పక్కకు ఒరిగి అలాగే నిలిచిపోయింది. మూడోది. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. మూడోదీ అంతే.

అవ్వ నాలుగోది చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. అప్పుడు నీళ్ళలోకి వదిలింది.

ఏమీ లేదు. ఏమీ లేదు. తరవాత సన్నగా, గాలపు బెండు కింద చేప కొరికినట్టు, ఒక్క కుదుపు.

"ఆడింది!" అని అరిచాను. "అవ్వా, ఆడింది!"

"అరవద్దే, నీళ్ళు కదలతాయి" అని అవ్వ కూడా అరిచింది. ఇంకొక కుదుపు. గుడ్డు గిర్రున పావుచుట్టు తిరిగింది. పక్క పీజీ బాల్కనీలో బట్టలారేస్తున్న అమ్మాయి ఏమైందోనని తొంగిచూసింది. నేను ఆ అమ్మాయి వైపు చేతులూపుతూ గెంతాను. మిగిలిన మూడు గుడ్లూ అవ్వ కొంగులో తీసుకెళ్ళి కరివేపాకు చెట్టు మొదట్లో పాతింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇరవై ఒకటో రోజు పొద్దుపోయినా ఏ చప్పుడూ లేదు. ఇరవై రెండో రోజు నాకు పొద్దుటి డ్యూటీ, తప్పదు. "ఏదైనా ఐతే నాకు ఫోను చెయ్యాలి, నిమిషం ఆలస్యమైనా ఊరుకోను" అని మా ఆయనకు చెప్పి పోయాను. పాపం, గూడు పక్కనే కుర్చీ వేసుకుని, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కంపెనీ పని చేశాడు. పది గంటలకు మెసేజి: "గుడ్డులోంచి కిచకిచ వినబడుతోంది." పదిన్నరకు: "చిన్న కన్నం." పన్నెండుకు: "కన్నం అంతే ఉంది." ఒంటిగంటకు: "మా మేనేజరు ఆ చప్పుడేంటని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు మీటింగులో అందరూ చూస్తున్నారు." వార్డులో పిల్లల్ని చూసుకుంటూనే, సందు దొరికినప్పుడల్లా జేబులో ఫోను చూసుకుంటున్నాను. కన్నం అంతే ఉందంటే పిల్లకు బలం చాల్లేదేమో, పెంకు మనమే ఒలిచేద్దామా అని రాశాను. "అవ్వ ఒప్పుకోవడం లేదు. దాని పెంకు అదే పగలగొట్టుకోవల్ల, లేకపోతే నిలవదంటోంది" అని జవాబు.

రెండుకు డ్యూటీ దిగాను. రింగు రోడ్డు మీద బస్సు చీమలా కదుల్తోంది. మూడు స్టాపుల ముందే దిగేసి, చెప్పులు టపటపలాడిస్తూ పరుగులాంటి నడకతో వచ్చాను. గేటు తీస్తుంటేనే మా ఆయన అరుపు: "వచ్చేసింది!" పెంకు రెండు చెక్కలుగా పడి ఉంది. ఎర్రదాని రొమ్ము కింద తడిసి ముద్దయిన వేలెడంత ప్రాణం ఒకటి తల వేలాడేసి పడుకుని ఉంది. ఒక్క క్షణమే కనబడింది, ఎర్రది ఒళ్ళు పరిచి లోపలికి లాగేసుకుంది.

"తల మీద ఏమైనా ఉందా?" అని అడిగాను.

"తడి తల, ఏం తెలుస్తాది?" అంది అవ్వ. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం గోడ పట్టుకుని ఉన్నాయి. పుంజు మామూలు నల్లది కదా, పిల్లకు తండ్రి పోలిక వస్తే కుచ్చు ఉండదు. కుచ్చు లేకపోతే అది వట్టి కోడిపిల్ల, అంతే. ఈ మాట ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు.

మర్నాడు ఎండ పెరట్లో పడేసరికి నేను గూడు ముందు చతికిలబడి ఉన్నాను. నైటీ, స్వెట్టరు, మంకీ క్యాప్. ఎర్రది గంప దిగింది. "క్లక్, క్లక్" అని పిలిచింది. గంప అంచు మీద ఒక పసుపు ఉండ కనబడింది, తడబడింది, బోర్లాపడింది, లేచింది. ఆరిన నూగంతా మెత్తగా ఉబ్బి ఉంది. నెత్తిన, సరిగ్గా నడినెత్తిన, శనగగింజంత బొడిపె. దాని మీద నూగు నిక్కబొడుచుకుని నిలబడింది, అప్పుడే కొప్పు ముడిచినట్టు.

నేను కేక పెట్టలేదు. "అవ్వా" అని చిన్నగా పిలిచాను.

అవ్వ అప్పటికే మెట్లు దిగుతోంది. చేతిలో చేట ఉంది. చేటలో బియ్యం, ఒక కొబ్బరికాయ, రెండు తమలపాకులు. వచ్చి పిల్లను చూసింది. ఆనక నా వైపు తిరిగి, "లే. తూర్పుకు తిరుగు. కొంగు పట్టు" అంది.

"కొంగెక్కడిది అవ్వా, నైటీలో ఉన్నాను."

"నైటీకి కొంగుండదా? అదీ నిజమే." ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ స్వెట్టరు పట్టు."

స్వెట్టరు అంచు రెండు చేతులతో చాచి పట్టుకున్నాను. గుడ్లు దాచుకున్న స్వెట్టరే. అవ్వ దోసెడు బియ్యం పోసింది. ఇంకో దోసెడు, ఇంకో దోసెడు. కొబ్బరికాయ పెట్టింది. "నువ్వు బొట్టు పెట్టుకోవు, కుంకుమ తేలేదు. బియ్యం చాలు" అంది. వంగి, ఎర్రది పొడుస్తున్నా లెక్కచేయకుండా, ఆ పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని బియ్యం మీద కూర్చోబెట్టింది.

"అమ్మేది లేదు, కోసేది లేదు" అంది. "తెలిసింది కదా, కూతురికి ఇచ్చేదే."

నాకు అప్పుడు అర్థమైంది, అది కూతురికి పోసే ఒడిబియ్యమని. మూడు గుడ్లు చంపినదాన్ని నేను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను, ఈలోగానే కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా బియ్యం మీద రాలాయి.

అవ్వ నా మంకీ క్యాప్ మీద ఒక్కటి మొట్టింది. "ఏడ్చేది ఆపే. పిల్ల తడుస్తాది. కోడికి చెమ్మ పడదని నీకెన్నిసార్లు చెప్పల్ల?"